విజిల్ వేయని బండి

మా చిన్నాయన కుడి బొటనవేలికి హైదరాబాద్ బేగం బజార్‌లో ఒక పేరుంది. స్టీలు గిన్నె అంచు మీద ఒక్కసారి ఆ వేలు తిప్పాడంటే రేకు మందమెంతో, అంచు మడత ఎక్కడ తేడాగా పడిందో చెప్పేస్తాడు. నోట్ల కట్ట లెక్కపెట్టినా ఆ వేలే, బిల్లు బుక్కు తిప్పినా ఆ వేలే. ముప్పై ఐదేళ్లలో అది లెక్క తప్పడం మా గల్లీలో ఎవరూ చూడలేదు.

2025 ఫిబ్రవరిలో ఒక పొద్దున, థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో, రబ్బరు తోటల మధ్య ఎర్రమట్టి దిగుడు దారిలో అదే వేలు ఒక చిన్న ఇనుప మీట మీద ఉంది. వెనక సీటు మీద చిన్నమ్మ. ఎదురుగా ఎడమ చేతి మలుపు.

"ఆపుండ్రి... అయ్యో ఆపుండ్రి!"

చిన్నాయన భయపడ్డాడు. భయపడ్డ మనిషి పిడికిలి బిగుస్తుంది. పిడికిలితోపాటు బొటనవేలూ బిగుస్తుంది. ఆ బండి మీద బొటనవేలు బిగిస్తే బ్రేకు పడదు, వేగం పెరుగుతుంది.

ఆ రోజు ఏం జరిగిందో వాళ్లిద్దరూ నాకు చాలాసార్లు చెప్పారు. వెనక బండి మీద వచ్చిన కరీంనగర్ డీలరు హెల్మెట్‌కు చిన్న కెమెరా కట్టుకున్నాడు. దాంట్లో మిగిలిన పదకొండు నిమిషాల వీడియో నేను చూశాను. వాళ్ల మాటలు, ఆ వీడియో పక్కపక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. రాయమన్నది చిన్నాయనే.

* * *

రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకుల కోసం ఇచ్చిన జాగా కాబట్టి బేగం బజార్ అయిందంటారు. అక్కడే ఒకప్పుడు ఏనుగులను కట్టేసిన చోటు ఫీల్‌ఖానా. ఇప్పుడక్కడ ఏనుగులు లేవు. వాటికి సరిపడా బరువు మోసుకుంటూ హమాలీలు నడుస్తుంటారు. ఒక గల్లీలో ఎండుమిర్చి ఘాటుకు కళ్లు మండుతాయి. మరో గల్లీలో బాదం, పిస్తా బస్తాలు. ఆ పక్కన ఇత్తడి బిందెలు, స్టీలు సామాను, ప్లాస్టిక్ బకెట్లు. జిల్లాల నుంచి నాంపల్లి స్టేషన్‌లో దిగిన చిల్లర వ్యాపారులు మొజంజాహీ మార్కెట్ దాటి నేరుగా ఇక్కడికే వస్తారు. సరుకు కట్టించుకుని సాయంత్రానికి తిరుగుముఖం పడతారు.

చిన్నాయన దుకాణం పది అడుగుల వెడల్పు. స్టీలు సామాను కాటా మీద కిలోల లెక్కన, ప్రెషర్ కుక్కర్లు డజన్ల లెక్కన అమ్ముతాడు. కుక్కర్ దగ్గరికొచ్చేసరికి చిన్నాయన వ్యాపారం మరిచిపోయి బడి పంతులైపోతాడు. పన్నెండు కుక్కర్లు కొన్నవాడికైనా, దారి తప్పి వచ్చి ఒక్కటి అడిగిన ఇల్లాలికైనా అదే పాఠం.

"ఇది వెయిట్. ఇది గాస్కెట్. ఇగో, గీ చిన్న బొడిపె ఉన్నది చూడు, గిది సేఫ్టీ వాల్వ్. దీంట్ల తొందరగ కరిగే లోహం పెడ్తరు. వెయిట్ జామై ఆవిరి బయటికి రాకపోతే ముందుగాల ఇది కరిగి ఆవిరిని ఇడిసిపెడ్తది. ఒక్కసారి కరిగినంక పుల్లలు పెట్టి మూయొద్దు. కొత్తది ఏసుకోవాలె. ఇంటున్నవా?"

ఆ "ఇంటున్నవా" వెనక ఒక కథ ఉంది. చాలా ఏళ్ల కిందట చిన్నాయన అమ్మిన సరుకులోని ఒక కుక్కర్ ఒక పల్లెలో మూత ఎగిరింది. ఆ ఇంటి కోడలి మెడ, చెయ్యి కాలాయి. వాల్వ్ కరిగిపోతే కొత్తది కొనకుండా రేకు ముక్క కొట్టి మూశారట. తప్పు కుక్కర్‌ది కాదు. అయినా చిన్నాయన ఆ పూట అన్నం తినలేదు. "నేను చెప్పి ఉంటే మూయకపోదురు" అన్నాడు. అప్పట్నుంచి ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ ఆ దుకాణం గడప తొక్కలేదు. ఇంటి కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అని ప్రభుత్వం అమలు మొదలుపెట్టింది 2021 ఫిబ్రవరి 1 నుంచి. చిన్నాయన చట్టం అంతకంటే పాతది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రమాదం ఎట్లా వస్తుందో తెలియని మనిషి కాదు మా చిన్నాయన. జీవితమంతా దాని గురించే చెప్పినవాడు.

* * *

హోల్‌సేల్ బజార్లలో 'స్కీమ్ కొట్టడం' అని ఒక మాట ఉంది. కంపెనీ ఒక టార్గెట్ పెడుతుంది. పండగ సీజన్‌లో అంత సరుకు ఎత్తితే బంగారు నాణెమో, టీవీయో, విదేశీ టూరో. ఆ ప్రయాణానికి ముందటి దీపావళికి చిన్నాయన స్కీమ్ కొట్టాడు. భార్యాభర్తలకు ఫుకెట్‌లో నాలుగు రాత్రులు. హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు నేరు విమానం 2025 జనవరి 31న మొదలైంది. భారతీయులకు వీసా గొడవ అంతకు ముందే, 2023 నవంబరులో తొలగింది. ఈ టూరుకు ముందు వాళ్లు కలిసి చేసిన దూర ప్రయాణాలు తిరుపతి, షిర్డీ, ఒకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం.

చిన్నమ్మ పాస్‌పోర్టు కోసం ఫొటో దిగిన రోజు కొత్త చీర కట్టుకుంది. సంచిలో చింతకాయ తొక్కు, కారప్పూస, సకినాలు సర్దింది. ముప్పై మందికి పైగా డీలర్లు, వాళ్ల భార్యలు ఒకే విమానంలో వెళ్లారు. మొదటి రెండు రోజులు పటోంగ్ బీచ్‌లో, కటా బీచ్‌లో నీళ్లతో ఆడుకున్నారు. అండమాన్ సముద్రం ఆ నెలలో చెరువంత నెమ్మదిగా ఉంటుంది. చిన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాలి లోతుకు పోయి, అక్కణ్నుంచి ఇంటికి వీడియో కాల్ చేసింది. ఆ నవ్వు నేను ఫోన్‌లో చూశాను.

మూడో రోజు కార్యక్రమంలో ఒక వరస రాసి ఉంది: ఏటీవీ టూర్, ఒక గంట.

ఏటీవీ అంటే ఏ నేల మీదైనా పోయే బండి. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిల్‌లాంటి హ్యాండిల్, గుర్రం మీదలాగా కాళ్లు చెరోపక్క వేసి కూర్చునే సీటు. బీచ్ ఊళ్లలో దీని వ్యాపారం జోరు. ముందో గైడు, వెనకో గైడు. మధ్యలో టూరిస్టులు కోడిపిల్లల్లా వరసగా. ఇసుకలోనో, గుట్టల్లోనో తిప్పి తీసుకొస్తారు.

ఆ చోటు బీచ్‌కు కొంచెం దూరంలో, కొండ పాదాన ఉంది. దూరంగా కొండకొన మీద 45 మీటర్ల ఎత్తున్న తెల్లటి బుద్ధుడు కూర్చుని కనిపిస్తాడు. చిన్నమ్మ చెప్పులు విడిచి అక్కణ్నుంచే దండం పెట్టుకుంది.

* * *

వీడియో ఇక్కడ మొదలవుతుంది.

రేకుల షెడ్డు కింద బల్ల. బల్ల మీద కాగితాల దొంతర. సన్నటి ఇంగ్లిషు అక్షరాలు, కింద సంతకానికి గీత. బండి నడిపేటప్పుడు ఏం జరిగినా పూచీ నాదే అని ఒప్పుకునే కాగితం అది. డీలర్లంతా నిలబడే సంతకాలు పెట్టేశారు. చిన్నాయన కూడా. లారీ చిట్టీ మీద సంతకం పెట్టేముందు ప్రతి బస్తా లెక్క చూసుకునే మనిషి, ఆ కాగితాన్ని తిప్పి కూడా చూడలేదు.

గైడు పాతికేళ్ల కుర్రాడు. నల్లగా, సన్నగా ఉన్నాడు. ఇంగ్లిషు కొంచెం, హిందీ ఇంకా కొంచెం. చిన్నాయనను 'పాపా' అని, చిన్నమ్మను 'మామా' అని పిలిచాడు. ఒక వేలు ఎత్తి చూపించి, "ఒక బండి, ఒక మనిషి" అన్నాడు. చిన్నమ్మకు స్కూటరు కూడా రాదు. ఆమె ముఖం చిన్నబోయింది. "నేనీడనే కూసుంట, మీరు పోయి రాండ్రి" అంది. చిన్నాయన ఒప్పుకోలేదు. బల్ల దగ్గరున్న మేనేజరు మరికొంత డబ్బు తీసుకుని, "ఇద్దరు ఓకే" అన్నాడు. కుర్రాడు మేనేజరు వైపు చూశాడు. ఏమీ అనలేదు.

వీడియోలో ఆ బండి ముందు మడ్‌గార్డ్ కనిపించేది ఒకటి రెండు క్షణాలే. దాని మీద ఒక స్టిక్కరు. ఇద్దరు మనుషులు ఎక్కిన బండి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. నేను బొమ్మ ఆపి చూపిస్తే చిన్నాయన చాలాసేపు ఫోన్ వైపే చూశాడు. ఆయన ప్రతి కుక్కర్ స్టిక్కరూ చదువుతాడు.

తర్వాత పాఠం మొదలైంది. కుర్రాడు ఒక బండి మీదకెక్కి, చేసి చూపిస్తూ చెప్పాడు. కుడి బొటనవేలు తీసి మీట మీద పెట్టి, "గో" అన్నాడు. వేలు తీసేసి, "స్టాప్" అన్నాడు. బ్రేకులు చూపించాడు. మలుపులో ఒంటిని లోపలి వైపుకు వంచాలని, ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి జరగాలని తన ఒళ్లంతా వంచి చూపించాడు. చివరికి కాలు నేలకు ఆనించబోయి, టక్కున వెనక్కి తీసుకుని, రెండు చేతులూ అడ్డంగా ఊపి గట్టిగా అన్నాడు: "ఫుట్ నో! ఫుట్ నో!"

ఆ పాఠం నాలుగు నిమిషాలు. అందులో సుమారు మూడు నిమిషాలు చిన్నాయన ఆ చట్రంలో లేడు. ఒక మూలన ఆయన గొంతు మాత్రం వినిపిస్తుంది.

అక్కడ ఉదయం పది. హైదరాబాద్‌లో ఎనిమిదిన్నర. దుకాణం ముందు లారీ ఆగింది. మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"నో ఎంట్రీ టైం కాకముందే ఖాళీ చేపియ్యి రా. హమాలీలు ఎంతమంది ఒచ్చిన్రు? పెట్టెలు లెక్కపెట్టుకొని సంతకం పెట్టు. ఊకెనే పెట్టకు, ఇంటున్నవా?"

చిన్నాయన తిరిగొచ్చేసరికి అందరూ హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. కుర్రాడు ఆయన దగ్గరకొచ్చి, "పాపా, యూ లిజన్?" అని అడిగాడు. చిన్నాయన నవ్వి బొటనవేలెత్తి చూపించాడు.

కుర్రాడు ఒక క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, హ్యాండిల్ కుడి పక్కన, ఆ మీట ఉన్న డబ్బా దగ్గర ఏదో తిప్పాడు. ఏం తిప్పాడో ఆ రోజు ఎవరూ అడగలేదు.

* * *

ఎక్కేటప్పుడు అంతా సంబరమే. రబ్బరు చెట్ల మధ్య నీడ. చెట్లకు ఏటవాలు గాట్లు, వాటి కింద పాలు పట్టే చిప్పలు. చిన్నమ్మ చిన్నాయన నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా నలుగురిలో అట్లా పట్టుకోవడం అదే మొదలని తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. వీడియోలో ఆమె నవ్వు ఇంజను మోతను దాటి వినిపిస్తుంది.

కొండ మధ్యలో ఆగారు. కింద సముద్రం. ఫొటోలు, కొబ్బరి బోండాలు. తిరుగుదారి దిగుడు.

మా చిన్నాయన జీవితమంతా స్కూటరు నడిపాడు. స్కూటరు ఒక మంచి గుణం నేర్పుతుంది: మలుపులో బండే వంగుతుంది, మనిషి దాంతోపాటు వంగుతాడు. తూలితే కాలు ఆనిస్తాం. ఒళ్లు నేర్చుకున్న విద్య అది. ఈ నాలుగు చక్రాల బండి వంగదు. మలుపులో అది నిటారుగానే ఉండి మనిషిని బయటి వైపుకు విసురుతుంది. చాలా ఏటీవీలకు వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. కారులో అయితే మలుపులో లోపలి చక్రం నెమ్మదిస్తుంది, బయటిది వేగం పెంచుతుంది. ఇక్కడ అది జరగదు కాబట్టి, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోవాలని చూస్తుంది. దాన్ని తిప్పాలంటే నడిపేవాడు తన బరువును మలుపు లోపలికి జరపాలి. వెనక ఒక మనిషి నడుము పట్టుకుని కూర్చుంటే ఆ జరగడానికి చోటేది?

ఎడమ మలుపు వచ్చింది. చిన్నాయన హ్యాండిల్ తిప్పాడు. బండి నేరుగా పోయింది. కుడి పక్కన మట్టి గట్టు. చిన్నమ్మ అరిచింది. పిడికిలి బిగిసింది, వేలు మీటను నొక్కింది, ఇంజను ఒక్కసారి గుర్రుమంది. కుడి ముందు చక్రం గట్టు ఎక్కింది. బండి ఎడమకు ఒరిగింది.

ఒరిగిన వైపు చిన్నాయన ఎడమ కాలు నేలకు ఆనించాడు.

వెనక చక్రం ఆ పాదం మీదుగా పోయింది. ఎముక విరిగిన చప్పుడు తనకు వినిపించిందంటాడు చిన్నాయన. వీడియోలో వినిపించదు. చిన్నమ్మ ఎడమ భుజం నేలకు తగిలేట్టు ఎగిరిపడింది. బండి ఎడమ పక్కకు పడుకుంది. చిన్నాయన కాలు దాని కింద ఉంది.

ఆ రకం బండి రెండు వందల కిలోలకు పైనే ఉంటుంది. కాటా మీద బరువులు చూసి చూసి పండిన మనిషి ఆ బరువు కింద పడి ఉన్నాడు. ముందు గైడు తన బండి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మొదట అతను చేసిన పని కాలు లాగడం కాదు. హ్యాండిల్ మీద ఎర్ర బొత్తాం నొక్కి ఇంజను ఆపాడు. ఇంజను నడుస్తుంటే చక్రం మళ్లీ తిరుగుతుంది. ఆ తర్వాత వెనక గైడూ, కరీంనగర్ డీలరూ కలిసి ముగ్గురూ బండిని ఎత్తారు. కెమెరా అక్కడ నేలకేసి తిరిగింది. ఎర్రమట్టి, ఒక హెల్మెట్ నీడ కనిపిస్తాయి. చిన్నాయన గొంతు మాత్రం వినిపిస్తుంది.

"ఆమెను చూడుండ్రి... ముందుగాల ఆమెను చూడుండ్రి."

* * *

చీలమండ రెండు చోట్ల విరిగింది. చిన్నమ్మకు మెడ కింద ఎముక చిట్లింది. అక్కడ కట్టు కట్టించుకుని, చక్రాల కుర్చీలో శంషాబాద్‌లో దిగారు. ఆపరేషన్ ఇక్కడ జరిగింది. చీలమండలో ప్లేటు, ఆరు స్క్రూలు. ఖర్చుల కాగితాలు బీమాకు పంపితే తిరిగొచ్చాయి. సాహస క్రీడలకు విడిగా కవర్ తీసుకుంటేనే వర్తిస్తుందని పాలసీలో రాసి ఉంది. చాలా ప్రయాణ పాలసీల్లో ఆ వాక్యం ఉంటుంది. అదీ చదవని కాగితమే.

మంచం మీద ఉన్న మూడు నెలల్లో చిన్నాయన మారిపోయాడు. మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం నన్ను పిలిచి అన్నాడు: "నువ్వు పేపర్లకు రాస్తవు గద. ఆ బండి కథేందో తెలుసుకొని చెప్పు."

తెలుసుకుని చెప్పాను. ఆ కథలో చిన్నాయన లాంటి డీలర్లే ఉన్నారు.

1967లో అమెరికాలోని హోండా శాఖ జపాన్‌లోని తమ ఇంజనీర్లకు ఒక కోరిక పంపింది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోవు, ఆ నెలల్లో డీలర్లు అమ్ముకోవడానికి ఏదైనా కొత్త సరుకు కావాలని. ఒసాము టకేయుచి అనే ఇంజనీరు మంచు మీద, ఇసుక మీద, బురదలో పోయే మూడు చక్రాల బండి తయారు చేశాడు. గాలి బుడగల్లాంటి లావు టైర్లు దాని ప్రత్యేకత. 1970లో అది అమ్మకానికొచ్చింది. 1980ల మొదట్లో సుజుకీ నాలుగు చక్రాల రకం తెచ్చింది. మూడు చక్రాల బండ్లు తిరగబడి, పిల్లలతో సహా ఎందరో ప్రాణాలు పోవడంతో, 1988లో అమెరికా ప్రభుత్వం, కంపెనీలు కోర్టులో ఒక ఒప్పందానికొచ్చాయి. మూడు చక్రాల వాటి అమ్మకం ఆగిపోయింది. కొన్నవాళ్లకు శిక్షణ ఇవ్వాలన్న షరతు వచ్చింది.

నాలుగో చక్రం వచ్చినంత మాత్రాన ప్రమాదం పోలేదు. 2003 డిసెంబరులో ప్రసిద్ధ రాక్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ ఇంగ్లండులో తన సొంత ఎస్టేటులోనే ఈ బండి మీంచి పడ్డాడు. మెడ ఎముక ఒకటి, కాలర్ ఎముక, ఎనిమిది పక్కటెముకలు విరిగాయి. ఈ బండి తిరగబడితే మనిషి మీదే పడొచ్చు. దాని బరువు ఛాతీ మీద ఉండి ఊపిరాడకపోవడం వల్లే చాలామంది పోతారు. పొలాల్లో ఈ బండ్లు ఎక్కువగా వాడే ఆస్ట్రేలియాలో, 2021 అక్టోబరు నుంచి సాధారణ వాడకానికి అమ్మే కొత్త ఏటీవీలకు, తిరగబడినా మనిషి నలగకుండా కాపాడే చట్రం తప్పనిసరి చేశారు. ఆ నిబంధన వద్దని కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ ఆ బండ్లు అమ్మడమే మానేశాయి. నిబంధన మాత్రం నిలిచింది.

మన దగ్గర కూడా ఈ బండ్లు గోవాలో, రిసార్టుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటక సంస్థల సంఘంతో కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో ఏటీవీ టూర్లకు ఒక అధ్యాయమే ఉంది. అయితే అవి మార్గదర్శకాలు. బల్ల దగ్గర డబ్బు కట్టేవాడు అడిగితేనే వాటికి ప్రాణం.

చిన్నాయన అంతా విన్నాడు. ఆఖరుకు ఒక ప్రశ్న అడిగాడు.

"మరి నేనెట్ల బతికిన? ఇంజను అంత గట్టిగ గుర్రుమన్నది. గట్టు ఎక్కి ఆమె మీద పడాలె గద."

నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వీడియో పెట్టాను. కుర్రాడు స్క్రూడ్రైవరు తీసిన చోట చిన్నాయన "ఆపు" అన్నాడు. వెనక్కి తిప్పించాడు. మళ్లీ చూశాడు.

చాలా ఏటీవీల్లో ఆ మీట ఉన్న డబ్బాకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే, బొటనవేలు ఎంత గట్టిగా నొక్కినా మీట సగం దాకే పోతుంది. పిల్లలకు, కొత్తవాళ్లకు అది బిగించి ఇస్తారు. ఆ కుర్రాడు మా చిన్నాయనను చూశాడు. పాఠం వినలేదని చూశాడు, వెనక భార్య ఎక్కిందని చూశాడు. మేనేజరుకు ఎదురు చెప్పలేకపోయాడు. తన చేతిలో ఉన్నది ఒక్కటే చేశాడు. అందుకే బండి గట్టు ఎక్కి ఆగింది, పక్కకు పడుకుంది. పల్టీ కొట్టలేదు.

చిన్నాయన ఫోన్ కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"సేఫ్టీ వాల్వ్ రా అది" అన్నాడు. "నా ముఖం కూడ తెల్వదు ఆ పోరనికి. నా పేరు తెల్వదు. నాకు వాల్వ్ బిగించి పంపిండు."

కాసేపాగి మళ్లీ అన్నాడు: "కుక్కరైతే విజిలేస్తది. మనిషి దిక్కు చూస్తడు, స్టౌ ఆపుతడు. గీ బండి విజిలెయ్యదు. దానికి విజిల్ ఆ పోరడే. నాలుగు నిమిషాలు విజిలేసిండు. నేనే ఫోన్‌ల ఉన్న."

* * *

ఇప్పుడు చిన్నాయన కొంచెం కుంటుతాడు. చలికాలం పొద్దున ప్లేటు ఉన్న చోట సలుపుతుందంటాడు. చిన్నమ్మ ఎడమ చెయ్యి పై అరకు అందదు. కుక్కర్ల పెట్టెలు కింది అరకు మార్చారు.

స్కీమ్ టూర్లు ఆగలేదు. కంపెనీ మనుషులు వస్తూనే ఉన్నారు, డీలర్లు పోతూనే ఉన్నారు. పోయేముందు వాళ్లలో కొందరు చిన్నాయన దగ్గరకొచ్చి కూర్చుంటున్నారు. ఆయన వాళ్లను పోవద్దనడు. సముద్రం చూసిరండి, కొండ ఎక్కిరండి అంటాడు. బిల్లు బుక్కు వెనక కాగితం మీద తన చేత్తో రాసి ఇస్తాడు. బండి ఒక్కరికా ఇద్దరికా, దాని మీద ఉన్న స్టిక్కరే చూడు, బల్ల దగ్గర మనిషి మాట కాదు. హెల్మెట్ గడ్డం కింద బిగిసిందా చూడు. ఇంజను ఆపే ఎర్ర బొత్తాం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను. మీటకు స్క్రూ బిగించమను, సిగ్గుపడకు. కాళ్లు బండి మీదే ఉండాలి, పడిపోతున్నా సరే. పిల్లలను పెద్దల బండి ఎక్కించకు. బీమాలో ఏటీవీ ఉందో లేదో పోయేముందే అడుగు. సంతకం పెట్టే కాగితం ఎవరితోనైనా చదివించుకో. చివరి వరస కింద రెండు గీతలు గీస్తాడు: గైడు చెప్పేటప్పుడు ఫోన్ ఎత్తకు.

మొన్న నేను దుకాణంలో ఉండగా నారాయణపేట నుంచి ఒక చిల్లర వ్యాపారి వచ్చాడు. రెండు డజన్ల కుక్కర్లు. చిన్నాయన ఒక మూత తీసి బల్ల మీద పెట్టి, "ఇది వెయిట్..." అని మొదలుపెట్టాడు. ఆ వ్యాపారి ఫోన్ మోగింది. ఎత్తాడు. బస్సు సంగతి, సరుకు సంగతి, ఇంకో దుకాణం సంగతి. మాట్లాడుతూనే, కానివ్వమని చేత్తో సైగ చేశాడు.

ఇంతకు ముందైతే చిన్నాయన చెప్పుకుంటూ పోయేవాడు. ఇప్పుడు మూత చేతిలో పట్టుకుని ఊరకే నిలబడ్డాడు. బయట ట్రాలీ ఆటోలు హారన్లు కొడుతున్నాయి, హమాలీలు దారి ఇవ్వమని అరుస్తున్నారు, వెనక ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. ఆయన కదల్లేదు. కుడి బొటనవేలు సేఫ్టీ వాల్వ్ మీద మెల్లగా తిరుగుతోంది.

ఆ వ్యాపారి ఫోన్ పెట్టేసి, "చెప్పు సేటూ, ఇంటున్న" అన్నాడు.

"ఫోన్ జేబుల పెట్టు" అన్నాడు చిన్నాయన. అది జేబులోకి పోయేదాకా చూసి, మొదటినుంచి చెప్పాడు.